బుస

మా బావ దగ్గర బండి మోతలకి నాలుగే పేర్లుండేవి: దగ్గు, ఎక్కిళ్ళు, గురక, బుస. కారు షెడ్డులో ఆగగానే బోనెట్ ఎత్తి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు మేమంతా నోళ్ళు మూసుకోవాలి. కాసేపటికి ఆ నాలుగింటిలో ఒక పేరు చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట తప్పడం నేను చూడలేదు. పెద్ద వర్క్‌షాపుల్లో చేతులెత్తేసిన బండ్లు కూడా మా దగ్గరికే వచ్చేవి. అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. ఆ షెడ్డులోనే ఒక మూల కూర్చుని వైరింగ్ పని చేసేవాణ్ణి.

ఆ చెవి మీద ఆయనకి గర్వం కొంచెం ఎక్కువే. ఎవరైనా వచ్చి "ఏదో కిర్రుమంటోంది మేస్త్రీ" అంటే, "మీరు బండి తోలండి, వినే పని నాకొదిలేయండి" అనేవాడు. పొరపాటున నేను నోరు తెరిచానా, "నీ వైర్లకి నోరు లేదు కదరా, నీకు చెవులెందుకు?" అని తీసిపారేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ ప్రతిసారీ ఆయన చెప్పిందే నిజమయ్యేది. అందుకని ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను. చివరికి ఆ అలవాటే కొంప ముంచింది.

ఇంట్లో సంగతి వేరు. మూడు కూతలకి కుక్కర్ దించమని చెప్పి అక్క స్నానానికి వెళితే, ఏడో కూత దాకా పేపరు చదువుతూ కూర్చునేవాడు. "ఊరి ఇంజిన్లన్నీ వినబడతాయి గానీ ఇంట్లో కుక్కర్ వినబడదు" అని అక్క సణిగేది. "కుక్కర్ కూత, పెళ్ళాం కేక వినబడకపోవడం మొగుళ్ళందరికీ ఉన్న జబ్బేలే అక్కా" అని నేను వంత పాడేవాణ్ణి. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నర్సమ్మ మా షెడ్డుకి పాత బేరం. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుళ్ళు కడిగి కట్లు మార్చడం ఆవిడ పని. ఎడమకాలు చిన్నప్పుడే చచ్చుబడింది, క్లచ్ తొక్కలేదు. అందుకే గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ కారు, తయారుచేసినవాళ్ళే మరిచిపోయినంత పాతది, వెతికి వెతికి కొనుక్కుంది. సర్వీసింగుకి వదిలేటప్పుడల్లా, "నా ఎడమకాలు మీ దగ్గర పెట్టి వెళ్తున్నా మేస్త్రీ, జాగ్రత్త" అనేది. బావ ఒక్కడే ఆ మాటకి నవ్వేవాడు కాదు. ఆ కారు దగ్గర నన్ను సిగరెట్ కూడా కాల్చనిచ్చేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చి, "సిగ్నల్ దగ్గర ఆగితే గడగడా వణికిపోతోంది. కదిలాక గేరు ఎంతకీ మారదు, మారినప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టుంటుంది" అంది.

బావ ప్లగ్గులు తీసి శుభ్రం చేశాడు, కార్బొరేటర్ సరిచేశాడు. వణుకు తగ్గలేదు. గేరుబాక్సులోంచి నూనె కడ్డీ లాగి వాసన చూశాడు. లోపల గేర్లని పట్టి ఉంచే ప్లేట్లు అరిగిపోతే నూనె మాడు కంపు కొట్టాలి. ఇది కొట్టలేదు. అక్కడ ఆయన ఒక్క క్షణం ఆగాడు. తరువాత స్క్రూడ్రైవర్ తీసి కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఇంజిన్ వెనకనుంచి సన్నగా, ఆపకుండా, పాము ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడు వస్తోంది. ఇప్పుడు 'బుస' అంటాడు అనుకున్నాను.

"గురక" అన్నాడు బావ కళ్ళు తెరిచి. "గేరుబాక్సులో ప్లేట్లు పోయాయి. ఆ బరువు లాగలేకే ఇంజిన్ కొట్టుకుంటోంది. ఆ ప్లేట్లు ఇప్పుడెక్కడా దొరకవు. ఇంక దీన్ని తోలొద్దమ్మా, నడిరోడ్డు మీద ఆగిపోతుంది."

నర్సమ్మ ఏదో అనబోయింది. బావ మొహం చూసి ఆగిపోయింది. "మీరన్నారంటే అంతే కదా" అని బోనెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. నెల తిరిగేసరికి ఆ కారు పాత ఇనుము వాళ్ళ దగ్గరికి చేరింది.

ఆ తరువాత ఒకరోజు వెనక దీపం హోల్డరు కోసం పాత ఇనుము దుకాణానికి వెళ్ళాను. కారుని అప్పటికే ముక్కలు చేశారు. గేరుబాక్సు విప్పి నేల మీద పరిచారు. ప్లేట్లు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. ఒక్కటీ అరగలేదు. ఇంజిన్ పక్కన సన్నటి రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతోంది. ఇంజిన్ ఎంత బలంగా గాలి లాగుతోందో గేరుబాక్సుకి కబురు మోసే గొట్టం అది. వంపు దగ్గర నిలువునా చీలిపోయి ఉంది. అందులోంచి దొంగగాలి దూరి ఇంజిన్ వణికింది. కబురు అందక గేరు ఆలస్యంగా పడింది. జబ్బు ఒక్కటే. ఒక జానెడు గొట్టం మారిస్తే పోయేది.

అప్పుడు గుర్తుకొచ్చింది, రెండేళ్ళుగా బావ నోట 'బుస' అన్న మాట రాలేదు. స్క్రూడ్రైవర్ మీదుగా ఎముకకి తగిలే మోతలు ఆయనకి అందుతూనే ఉన్నాయి. గాలిలో తేలే సన్నటి చప్పుళ్ళు ఎప్పుడో అందడం మానేశాయి. ఆ సంగతి ఆయనకే తెలియదు.

గొట్టం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ఎక్కడిదో చెప్పాను. ఆయన ఒక కొస బొటనవేలితో మూసి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాడు.

"చప్పుడు వస్తోందా?"

"వస్తోంది బావా."

మళ్ళీ ఊదాడు. చీలిక దగ్గర చెయ్యి పెట్టి గాలి తగలడం చూసుకున్నాడు. గొట్టం కింద పెట్టి అడిగాడు, "ఆ రోజు నీకు వినబడిందా?"

లేదందామనుకున్నాను. నోరు రాలేదు. "వినబడింది."

"మరి చెప్పలేదేంరా?"

"నువ్వు విన్నావనుకున్నా."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, "నర్సమ్మ దగ్గరికి పోదాం పద" అన్నాడు.

ఆవిడ ఇప్పుడు ఒక ఆసుపత్రిలో కిటికీ వెనక కూర్చుని చీటీలు రాస్తోంది. బావ గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. "మీ గేరుబాక్సు నిక్షేపంలా ఉందమ్మా. చీలింది ఈ గొట్టం, పోయింది నా చెవి" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. గొట్టాన్ని వేళ్ళతో తిప్పుతూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మెల్లగా మాట్లాడింది.

"ఆ బుస నాకూ వినబడింది మేస్త్రీ. మీకంటే నాకెక్కువ తెలుసా అని ఊరుకున్నా. ఎనిమిది ఇళ్ళు నాకోసం ఎదురుచూసేవి. వాళ్ళ పుళ్ళు ఇప్పుడెవరు కడుగుతున్నారో."

బావ తలూపాడు. మరోసారి తలూపి బయటికి నడిచాడు. వీధి మలుపు దాకా నాకు ముందే వెళ్ళాడు. అక్కడ ఆగి, నా మొహంలోకి చూడకుండా అడిగాడు.

"ఆవిడ ఏమందిరా?"

"పర్వాలేదంది బావా. ఎవరికైనా జరిగేదేనంది" అన్నాను.

ఆయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని నా వైపు వంగాడు. అదే అబద్ధం మళ్ళీ చెప్పాను, ఈసారి దారినపోయేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.