ఖాళీ ఫైలు, సగం పువ్వు

కంటి ఆపరేషన్ తర్వాత తాత మగ్గం మానేశాడు. ఆయన నేసే అంచు పువ్వు కాగితం మీద ఎప్పుడూ లేదు, తలలోనే ఉంది. ఎమ్మిగనూరులో ఇంకెవరికీ అది రాదు. ఆదోనిలో డిగ్రీ చదివిన పండితుణ్ణి కాబట్టి దాన్ని కాపాడే బాధ్యత నా మీద పడింది. రూబీ అనే కంప్యూటర్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. రూబీలో కీబోర్డూ వస్తువే, ఫైలూ వస్తువే. ఒకదాని దగ్గర వరస తీసుకుని ఇంకోదానికి అప్పజెప్పాలి. ఇంతే కదా అని ఇంట్లో అందరికీ చెప్పాను కూడా.

మగ్గానికీ గోడకీ మధ్య స్టూలు వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. నేయకపోయినా తాత మగ్గం మీదే కూర్చున్నాడు, ఆయన లేస్తే తప్ప నాకు బయటికి దారి లేదు. పువ్వు మధ్యలో మగ్గం దిగకూడదన్నది ఆయన నియమం, చెప్పేటప్పుడు కూడా అంతే.

"ఏడు పోగులు పైన, రెండు కింద. రాసుకోప్పా."

మధ్యాహ్నానికి నూటనలభై వరసలయ్యాయి. కరెంటు పోయింది. పాత బ్యాటరీ, చూస్తుండగానే తొమ్మిది శాతానికి దిగింది. ఎందుకో అనుమానమొచ్చి ఫైలు చూస్తే సైజు సున్నా.

"తాతా, ఫైల్లో ఏమీ లేదు."

"పొద్దున్నుంచి సెప్పిందంతా యాడికి పోయినాది?"

"మధ్యలో ఆగుండాది. షేర్ ఆటో మాదిరి. నిండేదాకా కదల్దు."

"అయితే ఇంకొందర్ని ఎక్కించుకో. మూడు పైన."

ఫైలు కొంత పోగేసుకుని ఒకేసారి డిస్కు మీదికి దించుతుందని పుస్తకంలో ఉంది. నేను చదివిన పేజీలో లేదు. ఫైలు మూస్తే అన్నీ దిగుతాయి, కానీ మూయాలంటే తాత ఆపాలి. బ్యాటరీ నాలుగుకొచ్చింది. ఆయన ఆపలేదు. నేనే కంట్రోల్, డీ నొక్కి, ఇక ఇన్‌పుట్ లేదని ప్రోగ్రాంకు చెప్పేశాను. వరసలన్నీ దిగాయి.

"వచ్చేసినాయి తాతా."

"పువ్వు మధ్యలో దిగినావు. సగం దాని మీద అతుకు నిలబడదు. విప్పేయ్."

"ఇది దారం కాదు తాతా, ఫైలు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. దారికి అడ్డంగానే.

కరెంటు వచ్చాక, ప్రతి వరసా వెంటనే డిస్కుకు చేరేలా ప్రోగ్రాంలో ఒక్క లైను చేర్చాను. పాత వరసలు చెరిపినట్టు నటించి, ఇంకో పేరుతో దాచాను. మళ్లీ మొదటి వరస నుంచి పువ్వంతా రాయించాడు. పూర్తయ్యాక పాత సగాన్ని కొత్తదానితో పోల్చి చూశాను. నాలుగు వరసలు తేడా. దొంగతనం ఒప్పుకుని, ఏది సరైందని అడిగాను.

"రెండోదే. కరెంటు పోయినాక నువ్వు ఆ బ్యాటరీ దిక్కే సూస్తాంటివి. నాకు లెక్క తప్పింది."