నా పెట్టెలో ఉండిన మాత్ర

మంగళవారం ఉదయం ఆరు ఇరవైకి మనవరాలిని తీసుకుని కోలారులో ప్రసూతి ఆసుపత్రికి చేరాను. సన్న జల్లు. చలి. సరంజామా: ఒక ఫ్లాస్కు, రెండు దుప్పట్లు, మనవరాలి రిపోర్టుల కవరు. మనవరాలికి ఇంకా ముప్పై ఒకటో వారమే. ఊరిగాంలో ఇంట్లో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. వార్డు గుమ్మం పక్కనున్న ఇనుప బెంచీ నా పోస్టు. పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసినవాణ్ణి. ఎవరూ చెప్పకపోయినా కాపలా కాయడం వచ్చు.

డాక్టరమ్మ ఆర్డరు స్పష్టంగా ఉంది.

"నలభై ఎనిమిది గంటలు కాన్పు ఆపాల తాతా. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేకి నాలుగు ఇంజెక్షన్లు, పన్నెండు గంటలకొకటి. అంతవరకు నొప్పుల్ని మాత్రతో పట్టిపెడతాము."

ఆరు నలభైకి నర్సు మాత్రల అట్ట తెచ్చింది. నా చదువు ఐదో తరగతితో ఆగింది. సైన్యంలో మందుల పెట్టె చూసుకుంటూ ఇంగ్లీషు అట్టలు చదవడం సొంతంగా నేర్చుకున్నాను. పేరు చదివి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇది మంచుకొండల్లో ఊపిరితిత్తులకు నీళ్లు పడితే ఇచ్చే మాత్ర. కడుపుతో ఉండే పిల్లకు ఎట్లిస్తావమ్మా? బీపీ పడిపోతాది!"

"బీపీ చూసే ఇస్తాము. జరుగు తాతా. నువ్వు నిలబడితే బిడ్డ నిలబడదు!"

మనవరాలి మొగుడు నా మోచేయి పట్టి లాగాడు. మాలూరు ఫ్యాక్టరీలో పని అతనికి. "తాతా, ఇది నీ బార్డరు కాదు, రా ఇట్ల."

పన్నెండు నిమిషాలు పోగొట్టాను. తప్పు నాదే.

తర్వాత డాక్టరమ్మ వివరించింది. అది బిగిసినదాన్ని వదులు చేసే మాత్ర. కొండ మీద ఊపిరితిత్తుల నాళాలను, ఇక్కడ గర్భసంచిని. బిడ్డ ఊపిరితిత్తులకిచ్చే ఇంజెక్షను కూడా సైన్యంలో మా మందుల పెట్టెలో ఉండేదే.

తిరిగి బెంచీ మీదికొచ్చి కూర్చున్నాను.

ముప్పై ఏళ్లకు పైమాట. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున మంచు పోస్టు. మందుల పెట్టె తాళం నా మెడలో ఉండేది. ఒక మధ్యాహ్నం రెండు గంటలకు మా వైర్‌లెస్ ఆపరేటర్, కుప్పం వాడు, హెడ్‌ఫోను తీసి నా వైపు తిరిగాడు.

"అన్నా, ఊరినుంచి మెసేజి. వదినకు ఏడో నెల్లోనే కాన్పయిందంట. మగబిడ్డంట. ఊపిరి నిలవలేదంట."

అప్పుడు నేను పెట్టె సర్దుతున్నాను. ఆ మాత్రల అట్టలు రెండు నా చేతిలోనే ఉన్నాయి. ఊరిగాంలో మా ఆవిడకు కషాయం ఇచ్చి పడుకోబెట్టారట. ఈ మాత్ర కాన్పు నొప్పులనూ ఆపుతుందని అప్పటికి ఎవరికి తెలుసో, తెలిసినవాళ్లు ఎందుకు చెప్పలేదో, బెంచీ మీద కూర్చుని అదే తిప్పి తిప్పి అడుక్కున్నాను.

గుమ్మంలోంచి లోపలికి చూశాను. మనవరాలి మొగుడు దాని చేయి పట్టుకుని కూర్చున్నాడు. ఫోను చేయగానే ఫ్యాక్టరీవాళ్లు సెలవు ఇచ్చారట. నాకు అసూయ పుట్టింది. దాచను. అతని మీద, ఆ మాత్ర మీద, చివరికి నా మనవరాలి మీద కూడా. మా ఆవిడకు దొరకని రెండు రోజులు దీనికి దొరికాయి. బుధవారం సాయంత్రం నాలుగింటికి నొప్పి తిరగబెట్టి నర్సు పరుగెత్తింది. నాలో ఒక మూల, "దీనికీ అట్లే కానీ" అనుకుంది. ఆ మూలకు తగిన శిక్ష నాకింకా దొరకలేదు.

మాత్ర నిలబెట్టింది. గురువారం ఉదయం ఏడుకు గడువు దాటింది. పదకొండు పదికి కాన్పు. ఆడపిల్ల. కిలోన్నర. తనంతట తానే ఏడ్చింది. గాజుపెట్టెలో పెట్టారు.

శనివారం బస్సులో ఊరిగాం చేరాను. జేబులో ఆ మాత్రల ఖాళీ అట్ట. మాత్ర సంగతి వినగానే మా ఆవిడ చేయి చాపింది.

"ఏదయ్యా, చూపించు. ఇంత చిన్నదా?"

"ఊఁ."

"కొండ మీద నీ దగ్గరే ఉండెనా?"

"రెండట్టలు."

"నాకొకటి పంపించకపోతివే."

"తెలియదు కదే అప్పుడు."

ఆమె గడప మీద కూర్చుని, అట్టలో ఒక్కో గుంటనూ బొటనవేలితో అదిమి చూసింది, లోపల ఒకటైనా మిగిలిందేమోనన్నట్టు.