ఎర్ర రిబ్బన్ కట్టిన చెట్టు

లోర్నా తీబో భయస్తురాలు. మా వెర్మాంట్ లోయలో ఈ మాట ఆమె ముందే అంటారు. ఆమె కాదనదు.

మే నెలలో పూత మీద మంచు పడుతుందని భయం. జూన్‌లో వడగళ్ళు. ఆగస్టులో గాలి. ఈ భయాలు ఆపిల్ తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. లోర్నాది వీటితో ఆగదు. అక్టోబరులో కొండల మీద ఆకులు ఎర్రబడగానే శని ఆదివారాల్లో పట్నాల నుంచి కుటుంబాలు వస్తాయి. తమ కాయలు తామే కోసుకుంటారు. వేడి డోనట్లు తిని, గడ్డి బండెక్కి తోట చుట్టూ తిరిగి, సంచులతో ఇళ్ళకు పోతారు. మిగతా అందరికీ అది పండగ. లోర్నాకు మాత్రం పిల్లలు కనపడకుండా పోయే కాలం.

దానికో కారణం ఉంది. హోలిస్‌ను పెళ్ళి చేసుకుని ఆమె ఈ తోటకు వచ్చిన కొత్తలో ఒక పిల్లవాడు ఖాళీ కాయల పెట్టెలో పడుకుని నిద్రపోయాడు. ట్రాక్టరు ఆ పెట్టెను ఎత్తి ఇంకో పెట్టె మీద పెట్టింది. దాని మీద నిండు పెట్టె దించబోతుండగా చెక్కల సందులోంచి లోర్నాకు చిన్న బూటు కనిపించింది. ఏమీ కాలేదు. పిల్లవాడికి మెలకువ కూడా రాలేదు. ఆ రోజు నుంచి లోర్నా ఏ పెట్టెనూ తొంగి చూడకుండా దాటలేదు. ఇంట్లో మాసిన బట్టల బుట్టను కూడా.

రిబ్బన్ మాట అలా పుట్టింది.

మా తోటల్లో కోతకు తెరిచిన వరుసకు చివరి చెట్టున ఎర్ర రిబ్బన్ కడతారు. ఆ వరుసలో కాయలు అయిపోతే విప్పేసి పక్క వరుసకు కడతారు. వచ్చినవాళ్ళు పండని చెట్ల మీద పడకుండా అది గుర్తు. లోర్నా దాన్ని పిల్లల కోసం వాడుకుంది. గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ప్రతి పిల్ల ముందూ వంగి, కళ్ళలోకి చూసి చెప్పేది.

“అమ్మ కనబడకపోతే పరిగెత్తకూడదు. ఎర్ర రిబ్బన్ చెట్టు వెతుక్కో. ముట్టుకో. కింద కూర్చో. నేనొస్తా.”

తర్వాత వాళ్ళ చేత అప్పజెప్పించుకునేది. ముట్టుకుంటా. కూర్చుంటా. నువ్వొస్తావ్.

ఏటా ఎవరో ఒక పిల్ల తప్పిపోయేది. ఏటా రిబ్బన్ చెట్టు కిందే దొరికేది. పట్నం పిల్లలు ఆమెను రిబ్బన్ లోర్నా అనేవాళ్ళు. మేమూ అదే పేరుతో ఏడిపించేవాళ్ళం.

నేను కొట్టం పక్క రేకుల కింద డోనట్లు వేయిస్తాను. అక్కడి నుంచి గేటూ తోటా రెండూ కనిపిస్తాయి. నేను చెప్పే ఆదివారానికి జింకల విల్లు వేట కాలం అప్పుడే మొదలైంది. తుపాకీ వేటకైతే మా వాళ్ళు ఒకరికొకరు కనపడేలా నారింజ రంగు చొక్కాలు తొడుగుతారు. విల్లు వేటకు ఆకుల రంగు బట్టలు వేసుకుని, చెట్టు మీద మంచె కట్టుకుని, కదలకుండా కూర్చుంటారు. పిలిచినా పలకరు.

పొద్దున్నే హోలిస్ తమ్ముడు ఓరిన్ నా దగ్గరికి డోనట్ల కోసం వచ్చాడు. గేటు తీస్తున్న లోర్నాను చూసి కేకేశాడు.

“లోర్నా, మంత్రోపదేశం మొదలెట్టలేదా ఇంకా?”

“తిని పో ఓరిన్. పొద్దున్నే నీ మొహం చూడాల్సొచ్చింది మాకు.”

“నేను తప్పిపోతే? రిబ్బన్ కింద కూర్చోనా?”

“నువ్వు తప్పిపోతే నిన్నెవడు వెతుకుతాడురా?” అన్నాడు హోలిస్, ట్రాక్టరు కింద నుంచి తల బయటపెట్టకుండానే.

ఓరిన్ నవ్వాడు. వేళ్ళకంటిన చక్కెర నాక్కున్నాడు. “వెనక అడవిలో కొత్త మంచె కట్టా. మధ్యాహ్నం ఎక్కుతా. పెద్ద జింకొకటి తిరుగుతోందక్కడ.”

లోర్నా గేటు వదిలేసి వచ్చింది. “ఆదివారం పూటా? ఇంత జనం ఉండగా?”

“తోట వెనక గోడకవతల లోర్నా. బాగా లోపలికి. ఈవిడ డోనట్లు తిన్నవాళ్ళకు గోడ దాటే ఓపికెక్కడిది?”

“వాళ్ళు పోయాక ఎక్కు.”

“చీకట్లో జింకను వాసన చూసి కొట్టాలా? నీకు భయం కాకుండా ఇంకేమైనా వచ్చా?”

ఆమె కొట్టం వైపు చూసింది. కొట్టంలో రసం తీసే యంత్రం పక్కన, గోడ మేకుకు రిబ్బన్ చుట్ట వేలాడుతుంది. ముందు రోజే కొత్త చుట్ట తగిలించింది. అది బాగా సన్నబడి ఉంది. హోలిస్ వాడి ఉంటాడనుకుంది. జనం రావడం మొదలైంది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు డెనీజ్ అనే ఆవిడ చంకలో పసివాణ్ణి వేసుకుని, చేత్తో కూతురు ఐవీని పట్టుకుని వచ్చింది. ఐవీకి ఐదేళ్ళుంటాయేమో. గోధుమరంగు కోటు వేసుకుంది. తల మీది టోపీకి రెండు చెవులున్నాయి.

లోర్నా వంగింది. “నువ్వే జంతువమ్మా?”

“జింకపిల్లని.”

లోర్నా వెంటనే మంత్రం చెప్పలేదు. ముందు తల్లి వైపు చూసింది. “ఇక్కడున్నంతసేపూ ఆ టోపీ తీసేస్తారా?”

“చలిగా ఉందండీ. పైగా నన్ను తియ్యనివ్వదు. రాత్రి పడుకున్నా అదే.”

వెనక కార్లు ఆగి ఉన్నాయి. ఎవరో హారన్ కొట్టారు. లోర్నా వంగే ఉండి చెప్పవలసింది చెప్పింది. ఐవీ తడుముకోకుండా అప్పజెప్పింది. ముట్టుకుంటా. కూర్చుంటా. నువ్వొస్తావ్.

కొట్టం దగ్గరి వరుసల్లో కాయలు అప్పటికే అయిపోయాయి. ఆ రోజు తెరిచింది చివరి వరుస. దాని వెనక పాత రాతి గోడ. గోడ ఒకచోట కూలి దారిలా ఉంది. అవతల అడవి.

వెర్మాంట్ కొండల్లో అక్టోబరు పొద్దు తొందరగా దిగుతుంది. నేను ఆఖరి విడత డోనట్లు నూనెలో వేస్తుండగా డెనీజ్ వరుసల మధ్య నుంచి పరిగెత్తుకొచ్చింది. చంకలో పసివాడు ఏడుస్తున్నాడు.

“మా అమ్మాయి ఇటొచ్చిందా? చెవుల టోపీ. వీడికి పాలసీసా తీస్తున్నా. తలెత్తి చూస్తే లేదు.”

“ఎక్కడికీ పోదు,” అంది లోర్నా. నవ్వుతూనే అంది. “నాతో రండి.”

చివరి వరుసకు నడిచారు. రిబ్బన్ చెట్టు కింద ఎవరూ లేరు. గడ్డిలో రాలిన కాయలు, వాటి మీద కందిరీగలు.

లోర్నా చెట్టు చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. అన్నేళ్ళలో ఆ చెట్టు కింద పిల్ల లేకపోవడం అదే మొదలు.

హోలిస్ ట్రాక్టరు ఆపేశాడు. ఇంటికి బయలుదేరినవాళ్ళు కార్లు వదిలి వెనక్కి వచ్చారు. వరుస వరుసకూ ఐవీ, ఐవీ అని పిలుపులు. కొందరు చెరువు వైపు పోయారు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఆ కదలకపోవడం మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియలేదు. లోర్నా పెట్టెల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క పెట్టెలోకీ ఒంగి చెయ్యి పెట్టి చూసింది. పేర్చినవాటిని హోలిస్ చేత దింపించింది. నేను పొయ్యి ఆర్పి ఆమె వెంట తిరిగాను. ఆమె ఊపిరి పళ్ళ మధ్య నుంచి వస్తోంది.

హోలిస్‌ను తీసుకుని కొట్టం లోపలి పెట్టెలు చూడటానికి వెళ్ళాం. అక్కడ ఆమె ఆగిపోయింది. మేకు వైపు చూస్తోంది.

“హోలిస్,” అంది.  “రిబ్బన్ నువ్వు వాడావా?”

“లేదే. నిన్న ఓరిన్ పట్టుకెళ్ళి పొద్దుగూకాక తెచ్చి పెట్టాడు. ఎందుకని నేనడగలేదు.”

ఎవరూ అడగనక్కర్లేదు. కొత్త మంచె కట్టినవాడు రిబ్బన్ ఎందుకు తీసుకెళతాడో మా లోయలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెల్లవారక ముందే చీకట్లో మంచె వెతుక్కోవాలి. గోడ నుంచి మంచె దాకా చెట్టు చెట్టుకూ గుర్తు కట్టుకుంటారు.

లోర్నా బయటికి పరిగెత్తి, రేకుల కింద నా పిండి బకెట్టు బోర్లించింది. పొయ్యి మీది ఇనప గరిటె లాక్కుంది. బకెట్టు మీద బాదుతూ పరిగెత్తింది. డెనీజ్ పసివాణ్ణి ఎవరి చేతుల్లోనో పెట్టి మా వెనక పడింది. ఆమెకు మేమేమీ చెప్పలేదు.

గోడ కూలినచోట అవతల మొదటి మేపుల్ చెట్టుకు ఎర్ర రిబ్బన్ ఉంది. కట్టిన ముడి వేరు. రంగు అదే. చెట్టు మొదట్లో ఒక కొరుకు కొరికిన ఆపిల్, నిలబెట్టినట్టు పెట్టి ఉంది. పిల్ల ఇక్కడ ముట్టుకుంది. ఇక్కడ కూర్చుంది. ఎవరూ రాలేదు. తలెత్తి చూస్తే ఇంకో చెట్టుకు ఇంకో రిబ్బన్. ఇది తప్పు చెట్టేమో అనుకుని ఉంటుంది.

“ఓరిన్! కొట్టకు! పిల్ల! చెట్లలో పిల్ల ఉంది!” అని అరిచింది లోర్నా.

 బకెట్టు చప్పుడు మాత్రమే కొండకు తగిలి తిరిగి వచ్చింది. రిబ్బన్ తర్వాత రిబ్బన్. పైన ఆకులు ఇంకా వెలుగుగా ఉన్నాయి. కింద, పిల్ల ఎత్తులో, అన్నీ గోధుమరంగే. ఆకులు, మోళ్ళు, నేల. వాటిలో ఏది కోటో ఏది కాదో దగ్గరికి వెళ్ళేదాకా తెలియడం లేదు. వెళ్ళిన ప్రతిసారీ అది మోడు.

ఆఖరి రిబ్బన్ బీచ్ అనే పెద్ద అడవి చెట్టుకుంది. దాని బోదెకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని ఐవీ కూర్చుంది. టోపీ చెవులు నిక్కి ఉన్నాయి.

“నేను ముట్టుకున్నా,” అంది లోర్నాతో. ఆరోపణలా అంది. “అన్నీ ముట్టుకున్నా. నువ్వే రాలేదు.”

డెనీజ్ పిల్లను ఎత్తుకుని గట్టిగా అదుముకుంది. టోపీ ఊడి పడింది. లోర్నా కదల్లేదు. ఆమె చూపు ఐవీ కాళ్ళ దగ్గర ఆకుల్లో పడి ఉన్న బాణం మీద ఉంది. తర్వాత పైకి చూసింది.

మంచె మీద ఓరిన్ కూర్చుని ఉన్నాడు. విల్లు ఒళ్ళో ఉంది. చేతులు నిచ్చెన పక్క కమ్మీని పట్టుకున్నాయి.

“దిగు,” అంది లోర్నా.

“దిగలేను.”

“ఆయన దిగలేనంటున్నాడు,” అంది ఐవీ తల్లి భుజం మీద నుంచి. “నువ్వు కూడా ముట్టుకో, కూర్చో, లోర్నా వస్తుంది అని చెప్పా.”

“నారి లాగి ఉంచా లోర్నా,” అన్నాడు ఓరిన్. “చెవి దాకా లాగి ఉంచా. చెవులు కనపడ్డాయి. వీపు కనపడింది. అప్పుడది మాట్లాడింది.”

“ఏమంది?”

“ముట్టుకున్నా, కూర్చున్నా అంది. నారి సడలించేసరికి బాణం కింద జారిపడింది. నువ్వు పిలుస్తూనే ఉన్నావ్, విన్నా. నోరు పెగల్లేదు.”

లోర్నా నిచ్చెన కింద నిలబడి రెండు చేతులా పట్టుకుంది. అతన్ని తిట్టలేదు. ఒక్కొక్క మెట్టుకూ ఆగుతూ అతను దిగాడు. నేల మీద నిలబడ్డాక కూడా నిచ్చెన వదల్లేదు. ఆమే వేళ్ళు విప్పింది.

తిరిగి వస్తూ లోర్నా ప్రతి రిబ్బన్‌నూ విప్పింది. కొన్ని ముడులు బిగుసుకుపోయాయి. పళ్ళతో కొరికింది. అన్నీ బకెట్టులో వేసింది. ఓరిన్ ఆమె వెనకే నడిచాడు.

కారు దగ్గర డెనీజ్ పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి తలుపు వేసింది. లోర్నా వైపు తిరిగింది.

“మీరు దానికి ఆ మాట చెప్పకపోయి ఉంటే...” అంది.

మిగతాది అనలేదు. కారెక్కి వెళ్ళిపోయింది. ఐవీ అద్దంలోంచి చెయ్యి ఊపింది. లోర్నా చెయ్యి సగం లేచి అక్కడే ఉండిపోయింది.

చలికాలమంతా నేను లోర్నా వంటింట్లో కూర్చున్నప్పుడల్లా ఆమె ఆ వాక్యం దగ్గరికే వచ్చేది. “ఏమనబోయింది? నువ్వు విన్నావుగా, గొంతెలా ఉంది?” నాకు తెలియదని చెప్పేదాన్ని. “చెప్పకపోయి ఉంటే అడవిలోకి పోయేది కాదు. చెప్పకపోయి ఉంటే వాడు బాణం వదిలేవాడు. రెండూ నేను చెప్పిన మాటే,” అని కాఫీ చల్లారబెట్టుకునేది. హోలిస్ పేపరు మడిచి బయటికి పోయేవాడు.

ఓరిన్ మంచె విప్పేశాడు. నేల గడ్డకట్టక ముందే గోడలో కూలిన భాగం ఒక్కడే కట్టాడు. హోలిస్ సాయానికి వెళితే పంపించేశాడు.

మరుసటి ఏడు ఎర్ర రిబ్బన్లు కోతకు గుర్తుగా మాత్రమే మిగిలాయి. పిల్లల చెట్టు వేరు. అది గేటుకు ఎదురుగా ఉన్న పాత మెకింటాష్ ఆపిల్ చెట్టు. దాని కొమ్మకు నీలం పింగాణీ పూత గిన్నె ఒకటి వేలాడుతుంది. దాన్ని కట్టేముందు లోర్నా లోయలో ప్రతి ఇంటికీ వెళ్ళింది. మీ దగ్గర నీలం గిన్నె ఉందా అని అడిగింది. పెరట్లో, కోళ్ళ గూడు దగ్గర, ఎక్కడైనా. ఇంకొకటి ఎక్కడా కనపడకూడదంది. జనం నవ్వుకున్నారు. కానీ వెతికి చూసి చెప్పారు. నా దగ్గర ఒకటి ఉండేది, మా అమ్మది. తీసుకెళ్ళింది. ఏం చేసిందో నేనడగలేదు.

ఈ ఆదివారం కూడా ఆమె గేటు దగ్గర వంగి ఉంది. ఎదుట పసుపు కోటు వేసుకున్న ఒక పిల్లవాడు.

“నీలం గిన్నె చెట్టు. ముట్టుకో. కూర్చో.”

పిల్లవాడు తలూపాడు. మిగతా మాట కోసం చూస్తున్నాడు. లోర్నా గోడ అవతలికి చూసింది. అక్కడ ఆకులు రాలుతున్నాయి. 

“నేనొస్తా,” అంది.