కట్టకోడలి మీసం

గుండ్లమిట్ట గోపన్నకు పదహారో ఏట రెండు అంటుకున్నాయి. ఒకటి పెళ్లాం గురమ్మ, రెండోది ఆడవేషం. గురమ్మ తత్వం రెండోనాటికే అర్థమైంది గాని, ఆ వేషంలోంచి బయటపడే దారి ఇరవై ఏళ్లయినా దొరకలేదు.

గుండ్లమిట్ట నందికొట్కూరుకు నాలుగు కోసుల దూరం. వాన సంగతికొస్తే నలభై కోసులనుకోవాలి. ఓర్వకల్లు గుట్టల మీదుగా వచ్చే మబ్బు ఈ ఊరిని చూడగానే దారి మార్చుకునేది. ఎండాకాలం కాకులు ఎగిరే ఓపిక లేక నీళ్లకోసం నడిచిపోయేవి. నేను చూడలేదు, చూసినవాళ్లు అబద్ధం చెప్పేవాళ్లు కారు.

వాన పడని ఏడు ఆ ఊళ్లో ‘కట్టకోడలు’ ఆడతారు. కథ చిన్నది. ఒక రాజు చెరువు తవ్విస్తాడు. కట్ట ఏటా తెగుతుంది. చిన్నకోడల్ని గండిలో నిలబెట్టి మన్ను పోస్తే తప్ప కట్ట నిలవదని సోదెమ్మ చెబుతుంది. ఏమీ తెలియని కోడలు నెత్తిన సద్దిబుట్ట పెట్టుకుని మామకు కూడు తెస్తుంది. ఆమెను గండిలో నిలబెడతారు. మన్ను పాదాలదాకా వచ్చాక, ‘పాదాలు మునిగె మామా, సాలునా?’ అని పాడుతుంది. అప్పుడు చూస్తున్న ఊరు ఊరంతా, చంకలో బిడ్డలున్న తల్లులతో సహా, ‘సాలదమ్మా’ అనాలి. అదీ ఆచారం. పాదాలు, మోకాళ్లు, నడుము, రొమ్ము, గొంతు. ఐదుసార్లు అడుగుతుంది, ఐదుసార్లూ ఊరు చాలదంటుంది. ఆరోసారి అడగడానికి నోరుండదు.

కాళయుక్తి ఏడు, విషజ్వరాలు ఇంటికొకరిని తీసుకుపోయిన ఏడు, ఆ వేషం కట్టే ముసలాయన కూడా పోయాడు. అప్పటికి మీసం రాని గోపన్నకు చీర చుట్టారు. మూడోనాడు వాన పడింది. అట్లాంటిట్లాంటి వాన కాదు, మిద్దెలమీద గొర్రెలు ఈతకొట్టిన వాన. అంతటితో గోపన్న పని అయిపోయింది. వాన తెచ్చిన కోడలు ఆయుష్షున్నంతకాలం కోడలే అని ఊరు తీర్మానం చేసింది.

ఆటకు పెద్దమనిషి అంగడి గంగాధరం శెట్టి. మామ వేషం ఆయనదే. ఆట లేనిరోజు కూడా గోపన్నకు ఆయన మామలాగే ఉండేవాడు. గోపన్న జుట్టు కత్తిరించకూడదు. మీసం పెట్టకూడదు. శుక్రవారం శుక్రవారం మంగలి ఇంటికే వచ్చి పైపెదవి నున్నగా చేసి, శెట్టి అంగడి ముందు నిలబడి అయిందని చెప్పి పోవాలి. ఆషాఢం వచ్చిందంటే గోపన్న ఊరి పొలిమేర దాటకూడదు, ఎందుకంటే వాన అతని వెంట పోతుంది. గురమ్మ పాణ్యంలో పుట్టింట్లో ప్రసవిస్తే, బిడ్డను చూడ్డానికి కూడా పోనివ్వలేదు. గోపన్న ఒక తువ్వాలు పంపితేనే పాణ్యంలో తుంపర పడిందట, మనిషే పోతే ఏమయ్యేదని శెట్టి వాదన. కూతురి మొహం మూడోనెలలో చూశాడు.

మొత్తం ఇరవై ఏళ్లలో వాన పడింది ఏడుసార్లో ఎనిమిదిసార్లో. పడితే కోడలి మహిమ. పడకపోతే గోపన్న ఎవరి మీసాన్నో ఆశగా చూసి ఉంటాడని గుసగుసలు. ఒకసారి నందికొట్కూరు సంతలో పంచె కొనబోతే, బట్టల శెట్టి వెనకనుంచి ఆ కొప్పు చూసి ఏం కావాలమ్మా అని అడిగాడు. గోపన్న పంచె కొనకుండానే తిరిగొచ్చాడు. ఆ రాత్రి గురమ్మ తిండి పెడుతూ తన మనసులో మాట బయటపెట్టింది.

“ఏమయ్యా, పెండ్లినాడు తెరసెల్లా తీస్తే పసిమొగం. ఇప్పుడు నెత్తిన ఎంటికలు నెరుస్తాండాయి, మొగం మాత్రం అదే. నేను మీసమున్న మొగునితో ఒక్కనాడన్నా కాపురం సేసేది ఉండాదా, లేదా?”

గోపన్న చివరి ముద్ద తిని చెయ్యి కడుక్కున్నాడు. చెంబెడు నీళ్లు తాగాడు. కాని ఆ మాట అతనికి ముల్లులా దిగింది.

అది బహుధాన్య సంవత్సరం. పేరు చూసి మోసపోకండి, ఆ ఏడు కొర్ర చేలో మొలిచినవి రాళ్లే. ఆట ఖాయమైంది. అప్పుడే గోపన్నకు లేవి పాట వినిపించింది.

ఊరికి అవతల మిషన్ గుడి దగ్గర పదిహేను ఇళ్లున్నాయి. లేవి అక్కడి కూలి మనిషి. ఆదివారం గుళ్లో అతను పాట ఎత్తుకుంటే పాస్టరయ్య ప్రసంగం ఎక్కడ ఆపాడో మరిచిపోయేవాడు. కట్టకోడలి ఆట జరిగే చోటికి ఆ ఇళ్లవాళ్లు రాకూడదు. కంపచెట్ల అవతల కూర్చుని వినాల్సిందే. లేవి ఇరవై ఏళ్లు అక్కడే కూర్చుని విన్నాడు. ఇటు ఊరు రానివ్వదు, అటు పాస్టరయ్య పోనివ్వడు. జాతరలో తప్పెట కొట్టినందుకు ముగ్గురి పేర్లు గుడి పుస్తకంలోంచి కొట్టేసిన మనిషి ఆయన. అయినా చేలో ఒంటరిగా రాళ్లు ఏరుతూ లేవి కోడలి పాట పాడుకుంటున్నాడు. గోపన్న గట్టుమీద నిలబడి పాటంతా విన్నాడు. తను ఎప్పుడో మరిచిపోయిన చరణాలు కూడా లేవికి వచ్చు.

“లేవీ, ఈ యేడు నా బదులు గండిలో నువ్వు నిలబడతావా?”

“తెలిస్తే సంపుతారప్పా.”

గోపన్న గట్టుమీదే కూర్చున్నాడు. లేవి మళ్లీ రాళ్లు ఏరాడు. ఒక సాలు పూర్తయ్యాక తల ఎత్తకుండానే అడిగాడు.

“ఏ సీర కట్టల్ల?”

ఆలోచన ఇదీ. కోడలి వేషం ఇంట్లోనే వేస్తారు. మొహానికి పసుపురంగు మందంగా పూసి, ముసుగు వేసి, బుట్ట నెత్తిన పెట్టి పంపుతారు. దారిలో ఎవరూ పలకరించకూడదు. పాటంతా ముసుగులోనే. ఆట ముగిశాక లేవి కట్ట వెనకనుంచి చీకట్లో జారుకోవాలి. అప్పుడు గోపన్న మీసం దువ్వుకుని అందరి ముందుకొచ్చి, పాడింది కడప నుంచి పిలిపించిన ఆటగాడనీ, అతను అప్పుడే బండెక్కి పోయాడనీ, వాన పడకపోయినా పడినా తనకు సంబంధం లేదనీ చెప్పాలి. ఆకాశం కడిగిన కంచంలా ఉంది గనక, పడుతుందన్న అనుమానం ఇద్దరికీ లేదు.

మీసానికి టైము కావాలి గదా. గోపన్నకు పన్ను నొప్పి వచ్చింది. ముక్కు కిందనుంచి గడ్డందాకా గుడ్డ కట్టి, ఊఁ ఆఁ తప్ప మాట లేకుండా పన్నెండు రోజులు పడుకున్నాడు. మంగలి వస్తే, చెయ్యి తగిలితే దవడ ఊడిపోతుందని గురమ్మ తలుపు దగ్గరే ఆపింది. ఊరికే ఎవరికీ మిరియపు గింజ కూడా ఇవ్వని శెట్టి పిడికెడు లవంగాలు తెచ్చి, పాడేరోజుకు నోరు తెరుచుకుంటుందా అని పదిసార్లు అడిగాడు. గోపన్న తలూపాడు.

సాయంత్రం తలుపు వేసుకుని గురమ్మ గుడ్డ తీసి చూసేది. మొదట పెదవిమీద మసి అంటినట్టుంది. వారానికి చీమలబారు అయింది. పదోనాటికి మీసమే. గురమ్మ దాన్ని చూస్తూ రొట్టెలు మాడ్చేది. ఆ పన్నెండు రోజులూ ఆ ఇంట్లో ఒక్క రొట్టె తిన్నగా కాలలేదని, ఆ మాడు వాసన పాణ్యందాకా పోయిందని చెప్పుకుంటారు.

ఆటనాడు పొద్దుగూకాక లేవి పెరటిగోడ దూకి వచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి రమ్మని గురమ్మే పిలిచింది. రంగు గిన్నె తీసుకుని అతని ముందు కూర్చుంది. లేవి వెనక్కి జరిగాడు.

“అమ్మా, నన్ను ముట్టుకుంటాండావు.”

“ముట్టుకోకుండా రంగు పూసేది యాడన్నా ఉండాదా? కదలొద్దు, కంట్లో పడుతుంది.”

లేవి బుట్ట ఎత్తుకుని పోయాడు. వీధి పొడుగునా జనం పక్కకు తొలగి దండం పెట్టారు. ఇరవై ఏళ్లు కంపచెట్ల అవతల కూర్చున్నవాడు కాగడాల మధ్య గండిలో నిలబడ్డాడు. జొన్నచొప్ప, గోనెసంచులతో కట్టిన కట్ట అది. శెట్టి మొదటి తట్ట మన్ను పోశాడు. పాదాలు మునిగె మామా అని పాట లేచింది. ఊరు చాలదంది. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు ముక్కులు చీదారు. నడుము దగ్గరికి శెట్టి తట్ట దించి కండువాతో కళ్లొత్తుకున్నాడు. పన్ను నొప్పి వచ్చి గోపన్న గొంతు బాగుపడిందే అని ఎవరో అన్నారు. ఆ మాట నోటినోటా ఇంటిదాకా వచ్చి, తలుపు వెనకున్న గోపన్నకు కొంచెం కోపం వచ్చింది కూడా. అయినా మీసం దువ్వుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

గొంతు మునిగె మామా అన్నప్పుడు కాగడాలు ఒక్కసారి పడుకుని లేచాయి. ఓర్వకల్లు వైపునుంచి మట్టివాసన కొట్టింది. చాలదమ్మా అని ఊరు అనేలోపలే చినుకు పడింది. చినుకంటే చినుకు కాదు, ఒక్కొక్కటి తాటిపండంత.

లేవి జారుకునే సందు దొరకలేదు. జనం కట్ట పీకేసి మీదపడ్డారు. గంగాధరం శెట్టి వానలో మోకాళ్లమీద కూలబడి కోడలి పాదాలు కళ్లకద్దుకున్నాడు. పాదాలు కడిగిన నీళ్లు నోట్లో పోసుకున్నాడు. భుజాల మీదికెత్తి వీధంతా ఊరేగించారు. మొహమ్మీది రంగు చారలు చారలుగా కారుతోంది. ముసుగు రెండు చేతులా బిగించి పట్టుకున్న లేవి, గడప దగ్గర దించగానే లోపలికి దూకి తలుపు మూశాడు. రంగు కడుక్కుని చీరతోనే కోడలు బయటికొచ్చి మొహం చూపించి అక్షింతలు చల్లాలి. అదీ ఆచారమే. ఊరంతా గుమ్మం ముందు నిలబడింది.

లోపల గురమ్మ తలుపుకు గడియ పెట్టింది. లేవికి పళ్లు టకటకలాడుతున్నాయి. ముందుగా అతనే మాట్లాడాడు.

“నువ్వు పోయి కడప మనిషని సెప్పప్పా. నేను గోడ దూకుతా. నీ మీసం నీకుంటాది.”

గోపన్న గుమ్మంవైపు చూశాడు. వాన తెచ్చినవాణ్ణి ఆ జనం వదులుతారా? కడపదాకా బండి కట్టుకుని వెతుకుతారు. బండీ లేదు, కడప మనిషీ లేడు. రేపటికి లేవి పేరు బయటికొస్తుంది. శెట్టి తాగిన నీళ్లు ఎవరి పాదాలవో తెలిస్తే మిషన్ గుడి పక్క పదిహేను ఇళ్లకు కప్పులుండవు. పాస్టరయ్య కొట్టేయడానికి ఆ ఇళ్లలో పేర్లు కూడా మిగలవు.

అతను మీసమ్మీద ఒకసారి చెయ్యి వేసుకున్నాడు.

“గురమ్మా, యేసాల పెట్టెలో కత్తి ఉండాది. తే.”

“నా సేత్తోనా?”

“నా సెయ్యి ఆడతా లేదు మే.”

గురమ్మ తెచ్చింది. దీపం లేవి పట్టుకున్నాడు. నీళ్లతో తడపడానికి కూడా సమయం లేదు. బయట శెట్టి తలుపు కొడుతున్నాడు. గురమ్మ కళ్లు తుడుచుకోకుండా గొరగడంతో పెదవి మధ్యన తెగింది. ఆ గాటు గోపన్న చచ్చేదాకా ఉంది. తడిచీర లేవి విప్పి ఇచ్చాడు, గోపన్న చుట్టుకున్నాడు. గిన్నెలో మిగిలిన రంగు నెత్తురుమీద అద్దుకున్నాడు. లేవి గోడ దూకిన చప్పుడు వినపడ్డాక తలుపు తీశారు.

గోపన్న అక్షింతలు చల్లాడు. ఊరు కేకలు పెట్టింది. పెదవి పగిలిందే అని శెట్టి బాధపడి, శుక్రవారం మంగలిని జాగ్రత్తగా గొరగమంటానన్నాడు. అప్పుడు గోపన్న ధైర్యం చేసి, ఇరవై ఏళ్లలో మొదటిసారి, వేషం లేని సొంత గొంతుతో అడిగాడు.

“వాన పడింది గదా మామా. ఇంక సాలునా?”

అది ఆటలో మాటే అనుకున్నారు. పిల్లలు, ముసలివాళ్లు, శెట్టి, అందరూ వానలో నవ్వుతూ ఒక్క గొంతుతో అన్నారు.

“సాలదమ్మా.”

ఆ తర్వాత గోపన్న ఇంకా ఏడుసార్లు గండిలో నిలబడ్డాడు. ప్రతిసారీ లేవి కంపచెట్ల అవతల కూర్చునేవాడు, గురమ్మ ఆడవాళ్లలో ముందు వరసలో కూర్చునేది. ఊరంతా ఆ మాట అంటున్నప్పుడు వాళ్లిద్దరూ నోరు మూసుకుని ఉండేవాళ్లు. కోడల్ని ఇంట్లోనే పెట్టుకుంది గనక గురమ్మకు భక్తి ఎక్కువని, అందుకే నోట మాట రాదని శెట్టి అందరికీ చెప్పేవాడు.