కొసరుగా వచ్చిన ఓడ

భిలాయిలోని మరోదా బజారులో నా అంత గట్టిగా బేరమాడేవాడు లేడని చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది నేనే. తొమ్మిది వందలు చెప్పిన క్రోషియా సూదిని మూడు వందల యాభైకి దించాను, దాని మీద కొసరు కూడా రాబట్టాను. నా జీవితంలో అంతకన్నా తెలివితక్కువ బేరం ఇంకోటి లేదు.

మాది దారాలు, గుండీలు అమ్మే కొట్టు. గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి మా నాన్న నాకు నేర్పిన చదువు రెండు ముక్కలు. నచ్చిన వస్తువును మెచ్చుకోకు. కొసరు లేకుండా లేవకు. మొదటి ముక్కను మా ఆవిడ వంట విషయంలో కూడా పాటించి చాలా నష్టపోయాను. ఇక రెండోదాని సంగతి.

పక్క ఊరు దుర్గ్‌లో రైల్వే గార్డుగారి భార్య ఒకావిడ ఉన్నారు. ఎనభై దాటాయి. ఆవిడ లేసు సామాను అమ్మేస్తున్నారనీ, అందులో విశాఖ కొమ్ముపని సూది ఒకటి ఉందనీ మా కొట్టుకొచ్చే ఒకామె చెప్పింది. పాత వస్తువుల మీద మోజున్న వాళ్ళెవరికైనా మూడింతలకు అంటగట్టొచ్చని బయల్దేరాను.

సూది పిడి గేదె కొమ్ముతో చేసింది. దాని మీద చింతగింజంత ఓడ. అంత చిన్నదానిలోనే మూడు తెరచాపలు, వాటి తాళ్ళు, స్తంభం కొసన జెండా. చూడగానే ప్రాణం దాని మీదికి పోయింది, కాబట్టి మొహం చిట్లించాను. గాలికి తెరచాపలు కుడివైపు ఉబ్బితే జెండా ఎడమవైపు ఎగురుతోంది, చెక్కినవాడు ఓడను చూసిన పాపాన పోలేదమ్మా, అన్నాను.

"నువ్వు చూసినావేటి, బాబూ?"

నేను పుట్టిందీ పెరిగిందీ సముద్రం లేని భిలాయిలోనే. సముద్రాన్ని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఒడ్డున విప్పిన చెప్పుల మీదే నా చూపు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. చెప్పకుండానే జెండా తప్పు పట్టుకుని గంటసేపు బేరమాడి, మూడు వందల యాభై దగ్గర నిలబెట్టాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక అలవాటు ప్రకారం కొసరు అడిగాను.

ఆవిడ ట్రంకు పెట్టె తెరిచి తెల్లటి గుడ్డ ఒకటి తీశారు. క్రిస్మస్‌కి చర్చిలో బల్ల మీద పరచడానికి మొక్కుకున్నదట. చుట్టూ అంచు లేసు, ఆ లేసులో గళ్ళు నింపుకుంటూ అల్లిన ఓడలు. పన్నెండు ఉండాలి, పదకొండే ఉన్నాయి. ఆవిడకు ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, చూపు సరిగా ఆనదు. మిగిలిన చోట బజారు లేసు కుట్టేద్దామని చర్చివాళ్ళు అంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఓడ అల్లడం నేర్పుతాను, అదే కొసరు, ఆ పన్నెండోది నువ్వు పూర్తి చెయ్యి, అన్నారు. ఉచితంగా వచ్చే విద్య, మా ఆవిణ్ణి పంపితే సరిపోతుందని లోపల లెక్కేసుకుని సరేనన్నాను.

లెక్క నా మొహంలో కనిపించినట్టుంది. "మీ ఆవిడ కాదు, నువ్వే రావాల. కొసరు కోసం గంట కూకున్నోడివి, ఓడ అవకుండా లెగవవు."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అంది: "ఏటండీ, సరుకు కన్నా కొసరు బరువెక్కువున్నట్టుందే."

అలా తొమ్మిది ఆదివారాలు దుర్గ్ వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా దారం అమ్ముతున్నవాడికి దారం ఇంత పొగరుబోతని తెలియదు. నింపిన గడి ఓడ, వదిలిన గడి గాలి. వినడానికి ఇంతే. నా ఓడ మొదటి వారం గుమ్మడికాయలా వచ్చింది, రెండో వారం ఏకంగా మునిగింది. ఆవిడ వేలి కొసతో తడిమి, ఫలానా వరసలో ఫలానా గడి అని చెప్పి విప్పించేవారు. షేర్ ఆటోలో సాధన చేస్తుంటే పక్కన కూర్చున్న దీదీ ఒకామె నా చేతిలోంచి సూది లాక్కుని, పట్టు సరిచేసి ఇచ్చి, నా వైపు చూడకుండా దిగిపోయింది.

క్రిస్మస్ ముందు ఆదివారం ఓడ పూర్తయింది. ఆవిడ కింది నుంచి పైకి తడుముకుంటూ వచ్చి జెండా దగ్గర ఆగారు. మళ్ళీ తడిమారు. అప్పుడు నేనూ చూశాను. తెరచాపలు కుడికి, జెండా ఎడమకి. గళ్ళు అటు నుంచి లెక్కపెట్టాల్సింది ఇటు నుంచి లెక్కపెట్టాను. పై నాలుగు వరసలూ విప్పి మళ్ళీ అల్లుతానన్నాను. ఆ సాయంత్రమే గుడ్డ ఉతికి, గంజి పెట్టి, చర్చికి ఇవ్వాలి.

"ఉండనీ బాబూ," అన్నారావిడ. "సూది మీద చెక్కినోడికి తోడు దొరికినాడు."

పండగనాడు నేనూ మా ఆవిడా చర్చికి వెళ్ళాం. నా ఓడను వెనక్కి తిప్పి పరుస్తారనుకున్నాను. ఆవిడ దగ్గరుండి ముందుకే వేయించారు. మా ఆవిడ వంగి చూసి, పన్నెండింట్లో ఏది నాదో అడగకుండానే నవ్వింది.

సూదిని అమ్మలేదు. కాబట్టి లాభం లేదు, ఖర్చు మాత్రం ఇది. సూది మూడు వందల యాభై. పాడుచేసిన దారం నాలుగు ఉండలు, కొన్న ధరకే నూట ఎనభై. ఆటోకి రానూపోనూ ఎనభై చొప్పున తొమ్మిదిసార్లు, ఏడు వందల ఇరవై. దగ్గరి చూపు కళ్ళజోడు ఆరు వందలు. మొత్తం పద్దెనిమిది వందల యాభై. ఆవిడ మొదట చెప్పింది తొమ్మిది వందలు.