మడపిట్ట చోటు

మా చిన్నప్పుడు... గెడ్డలో నీళ్ళు లాగేసిన పూట అయ్య వెనకే బురదలో నడిచేవాణ్ణి. అయ్య చేతిలో ఇనప కొక్కెం కట్టిన కర్ర, నడుముకు గోనెసంచి. మడచెట్ల వేళ్ళ సందుల్లో పీతలు ఉండేవి. కొక్కెంతో బయటికి లాగి, కాళ్ళు తాటినారతో కట్టి సంచిలో వేసేవాడు.

విశాఖలో ఫిషింగ్ హార్బరుకి అవతల, మా పేటను ఆనుకుని ఉండేదా గెడ్డ, సముద్రపు పోటుకు నిండి పాటుకు ఖాళీ అయ్యే పాయ. రెండు పక్కలా మడ అడవి. ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు...

పీతలు ఎక్కడున్నాయో అయ్య ఒక పిట్టను చూసి పోల్చుకునేవాడు. కోడి అంత ఉండేది. ఇటుక రంగు. మెడ లోపలికి ముడుచుకుని, వేళ్ళ మధ్య చెక్కముక్కలా నిలబడేది. పక్కనే ఉన్నా కనపడదు. కదిలితేనే తెలిసేది. దాని అసలు పేరేమిటో మాకు తెలియదు. మడపిట్ట అనేవాళ్ళం. పిల్ల పీతలే దాని తిండి. అది గూడు కట్టిందంటే ఆ చుట్టుపక్కల పీతలకు లోటు ఉండదు.

అందుకని మావాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. మడపిట్ట గూడు చూసినవాడు పైకి అనకూడదు. తోడబుట్టినవాడికి కూడా.

"పిట్ట సోటు సెప్తే పీత సోటు సెప్పీసినట్టేరా. ఎవుడడిగినా నేదను," అనేవాడు అయ్య.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. బళ్ళో ఉన్నప్పుడూ నా గొంతు ఎవరూ ఎక్కువ విన్నది లేదు. ఈ కట్టుబాటు నాకు కష్టం కాలేదు.

తొంభైల మొదట్లో... అప్పటికి అయ్య లేడు. నేను బోటు మీద కలాసీని. వేట లేని రోజుల్లో గెడ్డలో దిగేవాణ్ణి. ఒక పొద్దున నేనూ, మా ఆవిడ తమ్ముడు నూకరాజూ వల బాగుచేసుకుంటున్నాం. మెడలో దుర్భిణి వేసుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. గోదావరి వైపు మాట. పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించాడు.

"అన్నా, ఈ పక్షిని ఈ గెడ్డలో ఎప్పుడైనా చూశారా?"

మా పిట్టే... మెడ ముడుచుకుని అదే నిలబడటం.

నూకరాజు నన్ను ఓరగా చూసి, "ఏటి బాబూ, కూరొండుకుంతారేటి? వన్ టౌన్ ఎల్తే మంచి కోడే దొరుకుతాది," అన్నాడు.

కుర్రవాడు నవ్వాడు. "తినడానికి కాదన్నా. ఇవి లోకంలోనే చాలా కొద్దిగా మిగిలాయి. పూర్తిగా పోయే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో ఉంది ఈ పక్షి. మడ లేకపోతే బతకదు. ఒక్క గూడు కనబడినా ఈ గెడ్డ పేరు రాసుకుంటాను. రేపు ఎవరైనా ఈ మడ కొట్టేస్తామంటే, ఆపమని అడగడానికి ఒక కాగితం ఉంటుంది."

"మరి అప్పుడు మమ్మల్ని దిగనిస్తారేటి?" అన్నాడు నూకరాజు.

"ఆ మాట నేను ఇవ్వలేనన్నా..." అని అతను నా వైపు తిరిగాడు. "మీరు చూశారా?"

వారం కిందటే చూశాను. గూట్లో రెండు గుడ్లు కూడా ఉన్నాయి.

"లేదు బాబూ," అన్నాను.

మూడు రోజులు తిరిగాడు పాపం. ఆ వేళ్ళ మధ్య పిట్టను పట్టుకోవడం కొత్తవాడి తరమా? వెళ్ళేముందు మళ్ళీ వచ్చి అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. నా ముందే రాసుకున్నాడు... లేదు అని.

పదేళ్ళు దాటాక, ఏదో కంపెనీ యార్డు కోసం గెడ్డ పూడుస్తారన్నారు. షామియానా వేసి మీటింగు పెట్టారు. ఒక ఆఫీసరు కాగితం చదివాడు. ఈ గెడ్డలో అరుదైన పక్షులేవీ లేవనీ, వెనకటి సర్వేలో స్థానికులే ఆ మాట చెప్పారనీ.

స్థానికులంటే నేనే.

పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పినవాణ్ణి కాదు. లేచి నిలబడ్డాను.

"ఉంది సార్. మడపిట్ట ఉంది. నాను సూపిస్తాను."

నూకరాజు నా చొక్కా పట్టి లాగాడు. "కూకో బావా! సోటు సెప్పీస్తావేటి?"

"సెప్పీస్తాను."

మర్నాడు నీళ్ళు తగ్గాక ఇద్దరు ఆఫీసర్లు ప్యాంట్లు మడుచుకుని నా వెనకే దిగారు. నాకు తెలిసిన చోట్లన్నీ చూపించాను. బురద మీద నల్లటి నూనె తెట్టు. ఒక చెట్టు మీద పాత గూటి పుల్లలు ఉన్నాయి... పిట్ట లేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డాం.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని నెమ్మదిగానే అడిగాడు అందులో పెద్దాయన.

నాలుగేళ్ళా... ఆరేళ్ళా... చెప్పలేకపోయాను. పీతలు తగ్గాక నేను అటు వెళ్ళడమే మానేశాను. చోటు దాచాను గానీ, పిట్ట ఉందో లేదో చూసుకోలేదు.

ఆయన రాసుకున్నాడు. పక్కనే ఉన్నాను, చదివాను. 'ఒకప్పుడు ఉండేదట.'

ఏడాది తిరక్కుండా గెడ్డ పూడ్చేశారు. ఇప్పుడు అక్కడ లారీలు నిలబడతాయి.

ఆ రోజు నేను ఉందని చెప్తే గెడ్డ మిగిలేదా అంటే... ఏమో. ఆ కాగితం మాత్రం ఉండేది.

దుర్భిణి వేసుకొచ్చిన ఆ కుర్రవాడికి ఇప్పుడు తల నెరిసి ఉంటుంది. ఎక్కడున్నాడో తెలియదు. ఒకవేళ ఇది చదివితే... బాబూ, నీకు రెండుసార్లు అబద్ధం చెప్పాను.

మీ వైపు ఇలాంటి పిట్ట ఏదైనా ఇంకా తిరుగుతుంటే కింద రాయండి. ఉన్నప్పుడే రాయండి...