మంచు మీద నాగటి చాలు

పీరయ్య లాంటి మొండివాడిని నా గల్ఫ్ బతుకులో ఇంకొకడిని చూడలేదు. చెప్పిన మాట వినడు, విన్నా చెయ్యడు, చేసినా తన పద్ధతిలోనే చేస్తాడు. అయినా వాడి గురించే చెప్పాలి. ఎడారిలో కూర్చుని, ఒక్కసారైనా కళ్లతో చూడని ఆడమనిషికి మంచు మీద పరుగు దిద్దినవాడు లోకంలో వాడొక్కడే అయ్యుంటాడు.

నా పేరు మస్తాన్ వలీ. మాది రాయచోటి. జుబైల్‌లో ఆసుపత్రి నర్సులను తిప్పే బస్సు నాది. పీరయ్యది మెట్‌పల్లి పక్కన పల్లె. అక్కడ నాగలి దున్నినవాడు ఇక్కడ ఏసీ హెల్పర్‌గా దిగి, విదేశీ కుటుంబాలుండే కాంపౌండ్‌లో స్కేటింగ్ హాలుకు మంచు పట్టించే పనిలో తేలాడు. బయట నలభై ఎనిమిది డిగ్రీల ఎండ. లోపల వీడు మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు స్వెట్టర్లు తొడుక్కుని, మంచును చదును చేసే బండి తోలుతుండేవాడు. సౌదీలో చలికి చస్తున్నానని సెలవుకు పోయినప్పుడు చెబితే, వాళ్లావిడ ముత్యవ్వ వారం రోజులు వాడితో మాట్లాడలేదట. అబద్ధం ఆడినా అతికేటట్టు ఉండాలి కదా అని ఆమె కోపం.

తొంభై ఒకటి యుద్ధంలో సైరన్ మోగితే మేమంతా మాస్కులు తగిలించుకుని బాత్రూముల్లో దూరాం. వీడు కంప్రెసర్ గదిలో దూరాడు. కుటుంబాలన్నీ వాళ్ల దేశాలకు పోయాయి, మెషీన్లు ఆపెయ్యమని మేనేజర్ మొత్తుకున్నాడు. మంచు కరిగితే మళ్లీ పట్టించడానికి వారం పడుతుందని వీడి వాదన. యుద్ధం సాగిన నెలన్నరా, ఒక్క స్కేటూ తొక్కని ఆ మంచు మీద రోజూ బండి తోలాడు. నీకేమైనా తిక్క పట్టిందా, ఎవరి కోసం అని తిట్టాను.

“ఎవలో ఒకలు అస్తరు తియ్” అన్నాడు.

మరుసటి ఏడాది వచ్చింది మారికా. హాలండ్ నర్సు. ఒకప్పుడు వాళ్ల దేశం తరఫున మంచు మీద ఐదు వందల మీటర్ల పరుగు తీసిన పిల్ల. మలుపుల్లో వెనకబడుతోందని జట్టులోంచి తీసేస్తే, విసుగొచ్చి స్కేట్లు పెట్టెలో పడేసి సౌదీకి వచ్చేసింది. ఇక్కడ మంచు కనబడేసరికి కాళ్లు ఊరుకుంటాయా?

వారానికి మూడు సాయంత్రాలు ఆడవాళ్ల వేళ. అద్దాలకు కాగితాలు అంటించి, తలుపు దగ్గర హైదరాబాద్ సుగ్రా బేగం కుర్చీ వేసుకుని కూర్చునేది. మగపురుగు లోపలికి పోవడానికి లేదు. పీరయ్య గోడ వెనక కంప్రెసర్ దగ్గర కూర్చోవాలి. వేళ అయిపోయి అందరూ వెళ్లాక బండి తోలి గీతలు చెరిపెయ్యాలి. మారికా ముఖం వాడు ఎన్నడూ చూడలేదు. రోజూ బస్సులో తెచ్చిన నాకే నల్లటి అబాయా, ముసుగు తప్ప ఏమీ తెలియదు.

కానీ వీడు చెరిపే ముందు గీతలు చూసేవాడు. మిగతా ఆడవాళ్లవి కోళ్లు కెలికినట్టు ఉంటే, ఒక గీత మాత్రం హాలు చుట్టూ ఎడమ చేతి వైపే తిరుగుతూ చక్కగా పోయేది. మూలమూలకూ అది వెలుపలికి జారి చీలిపోయేది. వారం రోజులు ఆ మూలల్లో గొంతుక్కూర్చుని చూశాడు. ఒకరోజు నన్ను లోపలికి లాక్కుపోయి చూపించాడు.

“మస్తాన్ భాయ్, గీ పిల్ల మూల రాకముందే మలుపుతున్నది. ఎడమ దిక్కు దాపటెద్దును తొందరపడి మలిపితే నాగలి బయటికి తంతది. మూల దాటనియ్యాలె, గప్పుడు మలపాలె.”

పడీపడీ నవ్వాను. ప్రపంచ పోటీల్లో ఉరికిన పిల్లకు మెట్‌పల్లి దుక్కి పాఠమా? వాడు పట్టించుకుంటే కదా. మలుపు మొదలుపెట్టాల్సిన చోట ఒక చుక్క విమ్టో షర్బత్ పోసి గడ్డ కట్టించాడు. ఎర్రగా, బొట్టు పెట్టినట్టు. ఆ చుక్క దాటాకే తిరగమని చెప్పమన్నాడు. సుగ్రా బేగం ముందు చీవాట్లు పెట్టింది, తర్వాత చేతులు తిప్పి తిప్పి మారికాకు చెప్పింది.

ఆ సాయంత్రం గోడ అవతల ధన్‌మని చప్పుడు. మళ్లీ ధన్. నాలుగుసార్లు పడింది. పీరయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన మాట పట్టుకుని పిల్ల బొక్కలు ఇరగ్గొట్టుకుంటుందని భయపడి, అందరూ వెళ్లగానే చుక్క గీకేశాడు. మూడో రోజు సుగ్రా బేగం కంప్రెసర్ గది తలుపు దబదబా బాదింది.

“ఆ చుక్క ఎందుకు తీసేసినవయ్యా? ఆ పిల్ల నా పానం తింటున్నది, మళ్ల పెట్టు.”

పెట్టాడు. చప్పుళ్లు తగ్గాయి. నెల తిరిగేసరికి మూలల్లో గీత చీలడం మానేసింది. ఇంతలో ఆమె దేశం నుంచి పిలుపు వచ్చింది. సెలవు పెట్టి పోయి, అక్కడ పరీక్ష నెగ్గి, జట్టులో చేరి, యూరప్‌లో అంతర్జాతీయ పోటీలకు ఎక్కేసింది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు దాటాయి, ఇదే ఆఖరి అవకాశమని సుగ్రా బేగం చెప్పింది. అది విన్నప్పటి నుంచి పీరయ్యకు ముద్ద దిగలేదు. అక్కడ ఎర్ర చుక్క ఉండదు. వాడి మాట నమ్మి ఆ మూలలో పడిందంటే ఆమె ఆట అంతటితో సరి.

శుక్రవారం మధ్యాహ్నం మా క్యాంపు మెస్‌లో నలభై మందిమి టీవీ ముందు చేరాం. ఒంటికి అతుక్కున్న బట్టల్లో ఆడపిల్లలు కనబడగానే కొందరు సిగ్గుపడ్డారు, సిగ్గుపడుతూనే ముందు వరుసలోకి జరిగారు. మిద్దె మీద మా మెస్ కుర్రాడు జమాలుద్దీన్ డిష్ తిప్పుతున్నాడు. సరిగ్గా పేర్లు వేసే వేళకు తెరంతా చుక్కలు చేశాడు. నలభై మందీ కలిసి వాడి వంశాన్ని తిట్టాం. బొమ్మ తిరిగొచ్చేసరికి ఫైనల్ పరుగుకు గీత దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు, తలకు టోపీలు, కళ్లకు అద్దాలు. మీ పిల్ల ఎవరని అందరూ పీరయ్య మీద పడ్డారు. వాడికేం తెలుసు? ఇంతకాలం కోతలు కోశావురా అని గోల చేశారు.

తుపాకీ పేలింది. రెండో మలుపు దగ్గర వీడు దిగ్గున లేచాడు.

“ఆ ఎనకది. నారింజ రంగుది. మూల దాటినంకనే మలిపింది, గామెనే.”

నలుగురిలో నాలుగోది. నాలుగున్నర చుట్లంటే నలభై ఐదారు సెకన్ల పని, ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. ఒకతి కాలు జారి గోడకు కొట్టుకుంది, మారికా మూడోదయింది. ఆఖరి మలుపు వచ్చింది. ముందున్న ఇద్దరూ తిరిగేశారు. ఈమె తిరగలేదు, నేరుగా పోతోంది. పోయింది, గోడకు గుద్దుకుంటుందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. పీరయ్య గొణుగుడు మాత్రం వినబడింది.

“మలపకు బిడ్డా… ఇంకొంచెం… ఆఁ, ఇగ మలుపు.”

కళ్లు తెరిచేసరికి ముందున్న వాళ్లలో ఒకతి వెలుపలికి కొట్టుకుపోయింది, ఆ సందులోంచి మారికా దూసుకొచ్చింది. రెండో స్థానం, వెండి పతకం. బెంచీలు బోర్లాపడ్డాయి. ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో లెక్కే లేదు, ఒక పఠాన్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఏం గెలిచామో తెలియకుండానే జమాలుద్దీన్ మిద్దె మీద ఈలలేశాడు. పీరయ్య మాత్రం తెరకు అతుక్కుపోయి ఆ మూలలో గీత వెతుకుతున్నాడు. అంతలో అక్కడి మంచు బండి వచ్చింది.

“ఓ నాయినా, తుడువకు” అని టీవీని బతిమాలుకున్నాడు. రోజూ తుడిచేది వాడే.

మారికా నెల తర్వాత సామాన్లకని వచ్చింది. వెళ్లిపోయే సాయంత్రం, ఇంకెవరూ మంచు తొక్కకముందే, శుభ్రమైన ఆ మంచు మీద ఒక్క చుట్టు తిరిగి స్కేట్లు విప్పేసిందట. ఆ పూట మిగతా ఆడవాళ్లను సుగ్రా బేగం తలుపు దగ్గరే ఆపి తిప్పి పంపేసింది. తర్వాత పీరయ్యను పిలిచింది, వెనకే నేనూ పోయాను. మంచు మొత్తం మీద ఒకే చుట్టు గీత. ఎర్ర చుక్కను వేలెడు దూరంలో దాటి, ఎక్కడా చీలకుండా తిరిగింది. పీరయ్య దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

క్షిపణులు పడుతున్నప్పుడు కూడా ఆపని బండిని ఆ రోజు ముట్టుకోలేదు. పాడైందని మేనేజర్‌కు చెప్పాడు. మూడు రోజులు హాలు మూసేశారు. నిజమేనా అని మేనేజర్ నన్ను అడిగితే, అవును సార్, ఇంజన్ పట్టేసింది, నా కళ్లతో చూశానని చెప్పాను.